తెప్పలంక బడిలో ఆరా క్లాసు

రోజు 1, సోమవారం

సభవాళ్లు పెట్టిన షరతు ఇది. కొత్త క్లాసు కాబట్టి ఏ రోజు ఏం చెప్పానో, ఏం జరిగిందో పుస్తకంలో రాసి పెట్టాలట. ఇరవై ఏళ్లుగా గొంతుపెట్టెలు బాగుచేసుకుంటూ బతికిన దాన్ని, పాఠాలు చెప్పడం నాకేం చేతనవుతుంది అన్నాను. "పెట్టెలో ఏముందో ఈ తెప్పలంక మొత్తానికి నీకే కదమ్మా తెలుసు, నాంచారమ్మా. నువ్వు గాక ఎవరు చెబుతారు?" అన్నారు సభ పెద్ద బలరామయ్యగారు. పొగిడితే పడిపోయే రకాన్ని నేను. తలూపేసి వచ్చాను.

కాగితం మీద క్లాసు పేరు 'మాధ్యమ అక్షరాస్యత', అంటే విన్న కబురు నిజమో కాదో ఆరా తీయడం. పదకొండుమంది పిల్లల్లో ఒక్కరికీ నోరు తిరగలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి 'ఆరా క్లాసు' అని వాళ్లే మార్చేసుకున్నారు. నాకూ అదే హాయిగా ఉంది.

నిన్న ఇంట్లో విన్న కబురు ఒకటి చెప్పమన్నాను. మంగతాయి లేచింది. ఐదో తరగతి పిల్ల, బక్కగా ఉంటుంది, మాట మాత్రం అవతలి రేవుదాకా వినిపిస్తుంది.

"రేపట్నించి ఉత్తరపు గాలంటండి. మా తాతయ్య చెప్పాడండి."

"మీ తాతయ్య పోయి ఎన్నాళ్లయిందే?"

"నేను పుట్టకముందే పోయాడండి."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఏముంది? నీళ్ల మీద తేలే మా ఊళ్లో నలభై రెండు తెప్పలు, తెప్పకో ఇల్లు, ప్రతి ఇంట్లో పెట్టె ఉంది. ప్రతి పెట్టె ఆ ఇంటివాళ్లకి ఇష్టమైన పెద్దల గొంతుతోనే కబుర్లు చెబుతుంది. మా ఇంట్లో మా అత్తగారు. ఆవిడ పోయి ఆరేళ్లయింది. గొంతు ఎవరిది పెట్టిద్దాం అని నేను అడిగేలోపే మా ఆయన వాళ్లమ్మ గొంతు పెట్టించేశాడు. ఇప్పుడు నీటిమట్టం ఎంతుందో కూడా నన్ను తప్పుపడుతున్నట్టే వినిపిస్తుంది.

రోజు 3, బుధవారం

ఈ రోజు గుడ్ల పడవ వచ్చే రోజు. తిరపతమ్మ బుధవారం, శనివారం పొద్దున్నే బాతుగుడ్లతో ముందు బడికి వస్తుంది, ఆ తర్వాతే ఇళ్లకి వెళ్తుంది. నూట ఎనభై బాతులు ఆవిడకి. ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలుస్తుంది. నేను పదకొండుమంది పిల్లల పేర్లే కలగాపులగం చేస్తున్నాను.

ఆవిడ పడవ రాగానే నేనే కొక్కెం అందించి బడి తెప్పకి తగిలించాను. వచ్చినవాళ్ల పడవకి కొక్కెం వెయ్యకపోతే మా దగ్గర అంతకంటే అవమానం లేదు. పెళ్లి సంబంధాలు తప్పిపోయిన సందర్భాలున్నాయి.

పాఠంలో పిల్లలకి ఒక ప్రశ్న వేశాను. ఒక కబురు నిజమని మీకు ఎలా తెలుస్తుంది?

"మూడిళ్ల మాటండి" అన్నారు అందరూ ఒకే గొంతుతో. మూడిళ్ల పెద్దలు ఒకే సంగతి చెబితే సభ దాన్ని నిజంగా తీసుకుంటుంది. తెప్పలంకలో పాలు తాగే పిల్లలకి కూడా ఈ సూత్రం తెలుసు.

అబ్రహాం అని ఒకడున్నాడు. నిదానంగా మాట్లాడతాడు, కానీ మాట్లాడితే వదలడు. వాడు చెయ్యెత్తి, "ఆ ముగ్గురికీ ఒక్కరే చెప్పుంటేనో టీచర్?" అన్నాడు.

సంతోషం పట్టలేక వాడికి నా వంతు గుడ్డు ఇచ్చేశాను. వాడు తినడట. గుడ్డు పడదట. తిరిగి నేనే తిన్నాను.

రోజు 9, మంగళవారం

ఈ రోజు పాఠం చాలా బాగా వచ్చింది. నా మెప్పు నేనే రాసుకుంటున్నాను, ఇంకెవరూ రాయరు కాబట్టి.

ఒక్కొక్కరూ ఒక అబద్ధం తయారుచేసుకుని రావాలి, అది మీ ఇంట్లోవాళ్లు నమ్మి తీరాలి అని నిన్న పని ఇచ్చాను. పేనిన తాడు విప్పడం తెలియాలంటే పేనడం తెలిసుండాలి కదా. పిల్లలు రాత్రంతా పేనినట్టున్నారు. ఒకడు జెల్లచేపలకి పళ్లు వచ్చాయన్నాడు. ఒకమ్మాయి సభ పెద్దకి జుట్టు మళ్లీ మొలుస్తోందంది. అది వాళ్లింట్లో కాదు గానీ బలరామయ్యగారింట్లో అయితే నమ్ముతారు.

పందెం గెలిచింది మంగతాయి. "బాతుగుడ్డు తింటే మతిమరుపు వస్తుందంట" అని దాని అబద్ధం.

"ఎందుకు నమ్ముతారే?"

"మా మామ్మ రోజూ గుడ్డు తింటదండి. రోజూ కళ్లజోడు ఎక్కడ పెట్టిందో మర్చిపోద్దండి. రెండూ నిజవే కదండి. నేను మధ్యలో ముడేశానంతే."

నేను ఇరవై ఏళ్లలో చెప్పలేని సంగతి అది ఒక్క ముక్కలో చెప్పింది. ఆ అబద్ధాన్ని బడి పెట్టెలో చెప్పించాను. ఈ పెట్టెకి ఎప్పుడో పోయిన ఒక పంతులుగారి గొంతు ఉంది. అదే మాట ఆయన గొంతులో వినగానే పిల్లలు బిక్కమొహాలు వేశారు. అబద్ధమని తెలిసినవాళ్లు, ఎదురుగా తయారవుతుంటే చూసినవాళ్లు కూడా.

"ఇప్పుడు తిరపతమ్మత్త గుడ్డు ఎవరు తింటారు?" అని అడిగితే ఐదు చేతులే లేచాయి. అబ్రహాంది లెక్కలోకి రాదు.

బడి తెప్ప ఏ తెప్పకీ తగిలించి లేదు కాబట్టి మాట ఇక్కడే ఉంటుంది, భయం లేదు. మా దగ్గర పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే కొక్కేలు కలవాలి, ఇనుములోంచే కబురు నడుస్తుంది. పైగా పెట్టెకి ఒక అలవాటుంది. ఏం చెప్పారన్నది మోస్తుంది, ఎవరు చెప్పారన్నది రాల్చేస్తుంది. ఏ ఇంటికి చేరితే ఆ ఇంటి పెద్ద గొంతు తొడుక్కుంటుంది. ఇదే రేపటి పాఠం.

రోజు 11, గురువారం

పొద్దున కంచంలో అన్నం, గుడ్ల పులుసు పెట్టుకుని కూర్చున్నాను. మా అత్తగారు మొదలెట్టింది. "ఆ బాతుగుడ్డు ముట్టుకోకమ్మాయ్. మతిమరుపు వస్తుందంట. ఇప్పటికే నీకు ఏదీ గుర్తుండి చావదు."

నేను గుడ్డు తీసి పక్కన పెట్టాను.

ఈ సంగతి ఈ పుస్తకంలో రాయకుండా ఉంటే ఎంత బాగుండు. కానీ పిల్లలకి నిజం రాయమని చెబుతూ నేను దాచుకుంటే బాగుండదు. పక్కన పెట్టాను. ఒక ముద్ద కలిపి నోట్లో కూడా పెట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇది మంగతాయి అబద్ధం కదా అని.

బడికి వెళ్లగానే అడిగాను, ఎవరు ఇంట్లో వాగారు అని. పదకొండుమందీ ఒట్టు పెట్టుకున్నారు. ఒట్లని నమ్మొద్దని మొన్ననే నేర్పాను కాబట్టి ఒకరినొకరు విడివిడిగా ప్రశ్నించుకున్నారు. ఎవరూ చెప్పలేదనే తేలింది.

రోజు 13, శనివారం

గుడ్ల పడవ వచ్చింది. బుధవారం ఇచ్చిన గుడ్లన్నీ బుట్టల్లో అలాగే ఉన్నాయి, ఇళ్లవాళ్లు నిన్ననే తెచ్చి తిప్పి ఇచ్చేశారట. తిరపతమ్మ మొహం చూడలేకపోయాను. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, బడి అరుగు అంచున కూర్చుని కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఉండిపోయింది.

"ఎవురికీ ఏ అన్యాయం చెయ్యలేదొదినా. మా అమ్మ కాణ్ణించీ ఇవ్వే బాతులు. తిన్నోళ్లకి మతి పోయేదయితే ముందు నాకు పోవాలా?"

"పోలేదా మరి? పోయినసారి నా బుట్ట తిరిగివ్వడం మర్చిపోయావు" అన్నాను నవ్వించాలని.

ఆవిడ నవ్వలేదు. "అదే అంటన్నారు అందరూను" అంది.

నా నోరు పడిపోను. నిజంగానే ఊరంతా అదే పని మీద ఉన్నారు. ఎవరు ఏది మర్చిపోయినా గుడ్డు లెక్కలో వేస్తున్నారు. ఒకాయన పొయ్యి మీద పాలు మర్చిపోయాడు. ఒకావిడ పెళ్లిరోజు మర్చిపోయింది, ఆవిడ మొగుడు కూడా మర్చిపోయాడు, అయినా గుడ్డు మీదే తోశారు. మూడిళ్ల మాట కాదు, ముప్ఫై ఇళ్ల మాట అయింది.

రేపు కాక వచ్చే ఆదివారం సభ. బాతుల్ని గట్టు అవతలికి తోలెయ్యాలా వద్దా అని చేతులెత్తిస్తారట. గట్టు అవతల ఉప్పునీళ్లు. అక్కడ బాతులు నెల కూడా బతకవు. తిరపతమ్మకి ఇంకో పనీ తెలియదు, ఇంకో తోడూ లేదు.

రోజు 15, సోమవారం

రెండు రోజులు నాలో నేనే కొట్టుమిట్టాడాను. నిజం చెబితే ఆరా క్లాసు పోతుంది. చెప్పకపోతే బాతులు పోతాయి. పొద్దున్నే పడవేసుకుని బలరామయ్యగారి తెప్పకి వెళ్లాను. ఆయనే స్వయంగా కొక్కెం వేసి కుర్చీ వేశారు.

"అయ్యా, గుడ్ల సంగతి బడిలో పుట్టిన అబద్ధమండి. నేనే పిల్లలచేత చెప్పించాను. ఎలా బయటికి వచ్చిందో తెలియట్లేదు."

ఆయన నా వైపు చాలా ప్రేమగా చూశారు. "నీ మనసు మంచిదమ్మా. తిరపతమ్మని గట్టెక్కించాలని నీ నెత్తి మీదేసుకుంటన్నావు."

"కాదండి, నిజంగానే."

"నాకు చెప్పింది మా నాన్నగారమ్మా. ఆయన బతికున్నన్నాళ్లూ అబద్ధవాడలేదు. పోయాక ఆడతాడా?"

మజ్జిగ ఇచ్చారు, తాగి వచ్చేశాను.

క్లాసులో పిల్లల ముందు ఒప్పుకున్నాను. తప్పు మంగతాయిది కాదు, నాది, నేను చెప్పించాను అన్నాను. అబ్రహాం చెయ్యెత్తాడు.

"మన పెట్టెలోంచే వెళ్లిందని మీకెలా తెలుసు టీచర్? ఆధారవేంటండి?"

"నేను చెబుతున్నాను కదరా."

"మీరు చెప్తే సరిపోదన్నారు కదండి. మొదటి వారంలోనే."

ఒళ్లు మండిపోయింది. ఆ వెనకే గర్వంతో గుండె నిండిపోయింది. రెండూ ఒకేసారి రావడం నాకు కొత్త. మంగతాయి మాత్రం తలెత్తలేదు. ఈ రోజు దాని గొంతు పక్క బల్లకి కూడా వినిపించలేదు.

రోజు 17, బుధవారం

అబ్రహాం అడిగిన ఆధారం కోసం రెండు రోజులుగా బడి పడవలో తిరుగుతోంది. ఇద్దరు తెడ్డు వేస్తారు, మిగతావాళ్లు పలకలు పట్టుకుంటారు. ప్రతి తెప్ప దగ్గరా మూడే ప్రశ్నలు. ఎప్పుడు విన్నారు? ఎవరి గొంతులో విన్నారు? పెట్టె చెప్పిందా, మనిషి చెప్పారా? అది నిజమా కాదా అని ఎవరినీ అడగొద్దని గట్టిగా చెప్పాను. అడిగితే జనం వాదిస్తారు. ఎప్పుడు విన్నావని అడిగితే ఆలోచిస్తారు.

ఇళ్లలో జవాబులు వినాలి. ఒక ముసలాయన, "మా ఆవిడ చెప్పింది" అన్నాడు. బతికున్నావిడా, పోయినావిడా అని అబ్రహాం మర్యాదగా అడిగాడు. లోపల్నించి ఆవిడే అరిచింది, "ఇంకా ఉన్నాన్రా" అని. ఇంకో ఇంట్లో పెట్టెకి పెద్దల గొంతు కాక పక్కింటి కుర్రాడి గొంతు ఉందని తేలింది. అది ఎందుకో అడగకుండా పిల్లల్ని బయటికి లాక్కొచ్చాను. అన్ని ప్రశ్నలూ ఆరా క్లాసులోకి రావు.

రోజు 18, గురువారం

దొరికింది.

నలభై రెండు తెప్పల పేర్లూ నేల మీద సుద్దతో గీసి, ఒక్కో దాని పక్కన విన్న వేళ రాశారు పిల్లలు. బుధవారం నాడే పెట్టెలో విన్నవి ముప్ఫై ఒకటి. మా ఇంట్లో ఆ రోజు విన్నది మా ఆయనట. మిగతా పదకొండు ఇళ్లవాళ్లూ ఆ తర్వాతెప్పుడో మనుషుల నోట విన్నారు. ఆ పదకొండులో అబ్రహాం వాళ్లిల్లు ఒకటి.

వాడు సుద్దతో ఆ పదకొండు పేర్ల చుట్టూ సున్నాలు చుట్టాడు. "టీచర్, ఈ పదకొండు ఇళ్లోళ్లూ గుడ్లు కొనరండి" అన్నాడు.

ఇంకో పిల్ల వేళల్ని వరసగా కలుపుతూ గీత గీసింది. బడి దగ్గర మొదలై, తూర్పు వరస, నడిమి వరస, ఆఖరికి బలరామయ్యగారి తెప్ప. ఆ దారి ఊళ్లో అందరికీ తెలుసు. గుడ్ల పడవ దారి అది.

ప్రతి పడవలోనూ గాలివాన కబురు కోసం చిన్న పెట్టె ఉంటుంది. బాతులు బెదురుతాయని తిరపతమ్మ దాని మీద గోనెపట్టా కప్పి ఉంచుతుంది, అందుకే ఆవిడ విననే లేదు. మంగళవారం నేను అబద్ధం పెట్టెలో పెట్టించాను. బుధవారం పొద్దున ఆవిడ వచ్చింది. నేనే చేత్తో కొక్కెం అందించి తగిలించాను. బడి తెప్ప దేనికీ తగిలించి లేదని రాసుకున్న మరుసటి రోజే. ఆవిడ గుడ్లు ఇస్తూ వెళ్లిన ప్రతి ఇంట్లోనూ మర్యాదగా కొక్కెం వేశారు. ఆవిడ పొట్ట కొట్టే మాటని ఆవిడ పడవలోనే ఎక్కించి ఇల్లిల్లూ తిప్పాం. ఇరవై ఏళ్లు పెట్టెలు బాగుచేసిన దాన్ని, కొక్కెం అంటే నాకు మర్యాదే గుర్తొచ్చింది గానీ ఇనుము గుర్తురాలేదు.

మంగతాయి ఏడుపు ఆపుకోలేకపోయింది. దగ్గరికి తీసుకున్నాను. "నువ్వు అబద్ధం కల్పించింది నేను అడిగితేనే కదే" అన్నాను.

"అవునండి. కానీ పందెం గెల్చినందుకు సంతోషపడింది నేనే కదండి" అంది.

రోజు 20, శనివారం

తిరపతమ్మకి నిన్ననే అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కాసేపు బాతుల వైపు చూసి, "అయితే నా గుడ్లలో ఏం లేదన్నమాట" అంది. అంటే ఆవిడ కూడా సగం నమ్మింది. అదే నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది.

ఈ రోజు ఆవిడ గుడ్లు తేలేదు. రేపు చేతులెత్తే ముందు ఒక్కో ఇంటికీ వెళ్లి బతిమాలుకుంటానని బయలుదేరింది. దారిలో బడి దగ్గర ఆగింది. అప్పుడు మంగతాయి నా కొంగు లాగింది.

"టీచర్, పెట్టె నిజాన్ని కూడా మోస్తదాండి?"

"మోస్తుంది. దానికి రెండూ ఒకటే. కానీ ఎవరు చెప్పారో మొయ్యదు."

"పర్లేదండి. నాకు సభలో అందరి ముందూ చెప్పాలంటే భయవేస్తంది."

తిరపతమ్మ తలూపింది. మంగతాయి పెట్టె ముందు నిలబడి, చేతులు కట్టుకుని చెప్పింది. "బాతుగుడ్ల మాట నేనే కల్పించాను. అది అబద్ధం. తప్పయిపోయింది. తిరపతమ్మని ఏమీ అనొద్దు." ఆ పైన తనే కొక్కెం తీసి గుడ్ల పడవకి తగిలించింది. పడవ సాగిపోయింది.

మంచి పని చేసింది పిల్ల అనుకున్నాను. దాని వల్ల ఏం జరగబోతుందో నాకూ తట్టలేదు.

రోజు 21, ఆదివారం

సభకి వెళ్లేసరికి రేవు తెప్ప మీద ఎప్పుడూ లేని నిశ్శబ్దం. జనం ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. తిరపతమ్మ ఒక మూల బిగుసుకుని కూర్చుంది.

ఒకావిడ మెల్లగా ఆవిడ పక్కన చేరింది. "ఏవనుకోకమ్మా, తిరపతమ్మా. ఆ మాట మా మామగారే కల్పించాడంట. పొద్దున్నే ఆయనే ఒప్పుకున్నాడు. ఎవరికీ చెప్పమాకు" అంది. ఆవిడ లేచేలోపే ఒకాయన వచ్చాడు. "మా అమ్మ పనమ్మా ఇది. ఆవిడ నోరు ఎప్పుడూ అంతే. మా మొహం చూసి వదిలెయ్యి" అన్నాడు. ఆ వెనక ఇంకొకరు. వరస కట్టారు. ముప్ఫై ఇళ్లవాళ్లు, ఎవరికి వాళ్లు తమ ఇంటి పెద్దే దొంగ అనుకుని, రెండోవాడికి తెలియకుండా క్షమాపణ చెప్పుకుంటున్నారు. తిరపతమ్మ అందరికీ "పర్లేదులెండి" అంటూ నా వైపు వెర్రిచూపులు చూస్తోంది.

నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

బలరామయ్యగారు ఆఖరికి లేచారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "బాతుల సంగతి తేల్చక్కర్లేదు. ఆ మాట మా నాన్నగారు..." అని ఆగిపోయారు. ఎంత కష్టపడుతున్నారో చూస్తే నా నవ్వు పోయింది. పదేళ్ల కిందట పోయిన మనిషి పరువు కొడుకు నోటి మీదుగానే పోతోంది.

"మీ నాన్నగారు కాదండి" అని వినపడింది.

మంగతాయి. బల్ల ఎక్కి నిలబడింది. గొంతు అవతలి రేవుదాకా వినిపించింది.

"మీ నాన్నగారు కాదు, వాళ్ల మామగారూ కాదు, ఎవరి అమ్మా కాదండి. అందరి పెద్దోళ్లూ మంచోళ్లేనండి. నేను కల్పించాను. నిన్న తప్పయిందని చెప్పిందీ నేనేనండి. పెట్టె నా పేరు తీసేసి మీ వాళ్ల గొంతులేసింది."

సభంతా ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు తెలిసింది వాళ్లకి, అందరూ ఒకే క్షమాపణ చెప్పారని. బలరామయ్యగారు ఆ పిల్ల వైపు తిరిగారు.

"ఆధారం ఉందా తల్లీ?"

అబ్రహాం పలకల కట్ట తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు. ఆయన గీత వెంట వేలు పెట్టుకుని బడి నుంచి తన తెప్పదాకా వచ్చారు. వచ్చి ఆగారు. "బుధవారం, పొద్దెక్కాక. నిజవే. పళ్లెంలో గుడ్డుంది" అన్నారు.

బాతుల్ని తోలెయ్యాలన్నవాళ్లు చేతులెత్తండి అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. తిరపతమ్మ అక్కడే కూర్చుని భోరుమంది. మంగతాయి బల్ల దిగి వెళ్లి ఆవిడ ఒళ్లో తల పెట్టుకుంది. "నీ దుంప తెగ, నీకు రేపట్నించి రెండు గుడ్లు" అంది తిరపతమ్మ, దాని వీపు మీద ఒకటి వేసి.

నాకు పడిన శిక్ష రాయాలి కదా. ఆరా క్లాసు తీసెయ్యలేదు. రోజుకి గంట కాస్తా రెండు గంటలు చేశారు. బడి పెట్టెకి కొక్కెం తగలకుండా చెక్క పలక నేనే కొట్టాలి.

రోజు 22, సోమవారం

క్లాసు మొదలెట్టేసరికి వెనక బల్ల మీద బలరామయ్యగారు కూర్చుని ఉన్నారు. మోకాళ్లు బల్ల కింద పట్టక పక్కకి పెట్టుకున్నారు. పిల్లలు ముందు భయపడ్డారు, ఆ పైన ఆయనకి కూడా ఒక పలక ఇచ్చారు.

"నాకో సందేహవమ్మా" అన్నారు. "గుడ్ల మాట మా నాన్నది కాదు, సరే. మరి పదేళ్లుగా రోజూ పొద్దున్నే నాతో మాట్లాడుతున్నాడే, అందులో ఆయనవి ఎన్ని?"

ఒక్కటీ ఆయనది కాదని నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. మంగతాయి అడిగింది.

"పెట్టెలో కాకుండా, మీ చెవులతో మీరు విన్నది ఏవైనా గుర్తుందాండి?"

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించారు.

"ఒకటుంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు. పడవలో వెళ్తన్నాం. 'పడవ కుడిపక్కకి వాలుతోంది, ఇటు జరుగు నాన్నా' అన్నాడు. అంతే. నాకు కచ్చితంగా తెలిసింది ఇదొక్కటే. ఇంత చిన్న మాట."

"ఇంకెవరైనా విన్నారాండి?" అన్నాడు అబ్రహాం.

"మా మేనత్త ఉంది పడవలో. ఇంకా ఉంది ఆవిడ, పడమటి వరసలో."

పాఠం అక్కడితో ఆపేశాం. పదకొండుమంది పిల్లలూ, సభ పెద్దా, నేనూ బడి పడవ ఎక్కి పడమటి వరసకి వెళ్లాం. మేనత్తగారికి తొంభై రెండేళ్లు. నులకమంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. బలరామయ్యగారు ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని, ఆ మాట చెప్పి, నిజమేనా అత్తా అని అడిగారు.

ఆవిడ ఒక కాయ తుంచి బుట్టలో వేసింది.

"కుడిపక్క కాదురా, ఎడంపక్క. నువ్వు నీళ్లలో చెయ్యి పెట్టి ఆడతన్నావు. జరుగు నాన్నా అని ఊరికే అనలేదు వాడు. చొక్కా పట్టుకుని తన ఒళ్లోకి లాక్కున్నాడు. దారంతా ఒళ్లోనే కూచున్నావు."

బలరామయ్యగారు పలక మీద దారిలో రాసుకున్న 'కుడి' అన్న మాటని చేత్తో తుడిచేసి, 'ఎడమ' అని రాశారు. కింద ఇంకో వరస చేర్చారు, 'ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు' అని. రాసి, ఎవరు చెప్పారో ఆవిడ పేరు కూడా పక్కన రాశారు.